రంగంలో బుధవారం

యాంగోన్ నడిబొడ్డు వీధుల్లో నడుస్తూ తల పైకెత్తితే ఆకాశం కంటే ముందు తాళ్ళు కనబడతాయి. లిఫ్టు లేని ఐదారంతస్తుల పాత మేడలు రెండు వరసల్లో ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడి ఉంటాయి. ఇంచుమించు ప్రతి బాల్కనీ నుంచీ ఓ సన్నని నైలాన్ తాడు వీధిలోకి దిగి, చెయ్యెత్తితే అందేంత ఎత్తులో ఆగుతుంది. తాడు చివర, ఆఫీసుల్లో కాగితాలు పట్టి ఉంచడానికి వాడే ఇనుప క్లిప్పు. పై చివర, ఇంటివాళ్ళకి వినబడేలా ఓ చిన్న గంట. పొద్దున్నే పేపరు కుర్రాడు వస్తాడు, మడిచిన పేపరు క్లిప్పుకి తగిలిస్తాడు, తాడు రెండుసార్లు గుంజి ముందుకి సాగిపోతాడు. నాలుగో అంతస్తులో గంట మోగుతుంది. ఓ చెయ్యి బయటికొచ్చి తాడు చేదుకుంటుంది. ఆ తరవాత కూరలమనిషి. ఆవిడ పైకి చూసి కేకేస్తే పైనుంచి నోట్లు క్లిప్పులో దిగుతాయి, గోంగూర కట్టలున్న సంచి పైకి పోతుంది. అవును, గోంగూరే. బర్మా వాళ్ళకి ఆ ఆకు లేకుండా పూట గడవదు. చిల్లర ఎంతుందో లెక్క తేలేదాకా మేడ మీది గొంతూ వీధిలో గొంతూ మాట్లాడుకుంటూనే ఉంటాయి.

ఈ తాళ్ళు నన్నెందుకు అంతగా పట్టుకున్నాయి? మొదటిరోజు వింతగా చూశాను, అంతే. తరవాత వాటి కిందనుంచి నడిచిన ప్రతిసారీ మనసులో ఏదో కెలికినట్టయ్యేది. నోట్లు క్లిప్పుకి తగిలించి నడివీధిలో వేలాడదీసేంత నమ్మకం ఆ వీధికీ ఆ ఇంటికీ మధ్య ఎన్నేళ్ళకి కుదిరి ఉంటుంది? కింద నిలబడ్డ మనిషికి ఏ తాడు ఎవరింటిదో తెలియాలి. పైనున్నవాళ్ళకి గంట మోగిన తీరునిబట్టే వచ్చిందెవరో తెలియాలి. నాకు ఆ రెండూ తెలియవు. చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో వందల తాళ్ళున్నాయి, ఒక్కటీ లాగే హక్కు లేదు. పరాయి ఊళ్ళో మనిషి ఉండే స్థితి ఇదేననుకుని ఊరుకోవచ్చు. కానీ ఆ ఊరికి నేను పూర్తిగా పరాయివాడిగా వెళ్ళలేదు. ఎక్కడో ఓ తాడు మావాళ్ళది అయి ఉంటుందన్న ఆశ పెట్టుకుని వెళ్ళాను.

మా ఉత్తరాంధ్ర ఇళ్ళల్లో ఆ ఊరి పేరు రంగం. రంగూన్ అన్నది పటాల్లో ఉండే పేరు, యాంగోన్ అన్నది తరవాత పేపర్లలో వచ్చిన పేరు. భీమిలి దగ్గర మా అమ్మమ్మ ఇంట్లో ఓ లక్క డబ్బా ఉండేది. రంగం డబ్బా అనేవారు. వెదురు బద్దలతో అల్లిన గుండ్రటి డబ్బా మీద పూతమీద పూతగా నల్ల లక్క, ఆ నలుపు మీద సన్నగా గీసి ఎర్రరంగు నింపిన బొమ్మలు. లోపల ఒకదాని మీద ఒకటి రెండు పళ్ళేలు, ఒకటి వక్కకీ సున్నపు కాయకీ, రెండోది ఆకులకి. మూత పెట్టి వదిలేస్తే లోపలి గాలి మెల్లగా బయటికి పోతూ మూత తనంతట తానే కిందికి దిగేది. ఆ దిగడం చూడటానికి నేను మళ్ళీ మళ్ళీ తీసి పెడుతుంటే అమ్మమ్మ కసురుకునేది. అది వాళ్ళ అన్నయ్య పంపిన డబ్బా. ఆయన కళింగపట్నం రేవులో స్టీమరెక్కి రంగం వెళ్ళాడు. ఊరివాళ్ళెవరో తిరిగొస్తుంటే వాళ్ళ చేత ఆ డబ్బా, కొంత డబ్బు పంపాడు. ఆయన మటుకు రాలేదు. చచ్చిపోయాడని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆయనకి తద్దినం పెట్టాలో అక్కర్లేదో మా ఇంట్లో చాలాకాలం తేలలేదు. ఏ యేడు వెళ్ళాడో కూడా ఒకరొకలా చెప్పేవారు. బుద్ధి తెలిశాక నాకు అందులో దుఃఖం కంటే ఎక్కువగా ఆ తేలకపోవడమే బాధపెట్టింది.

అలాంటి కథ మా ఒక్క ఇంటిదే అనుకోడానికి లేదు. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవులనుంచి స్టీమర్లు డెక్కు నిండా మనుషుల్ని పోసుకుని రంగానికి పోయేవి. ఆండ్రూ అనే ఆయన రాసి, 1933లో ఇంగ్లీషులో అచ్చయిన పుస్తకం ఒకటుంది, రంగూన్‌లో భారతీయ కూలీల గురించి. అందులో తెలుగువాళ్ళకి కోరంగీలని పేరు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు మీదుగా వచ్చిన పేరు. 1839 తుపానుకి ఆ రేవు నాశనమయింది, పేరు మాత్రం సముద్రం అవతల మిగిలింది. మేస్త్రీ ఊళ్ళోకొచ్చి బయానా ఇచ్చేవాడు, టిక్కెట్టు కొనిపెట్టేవాడు, ఆ అప్పు తీరేదాకా కూలి డబ్బులోంచి తన వాటా కోసుకునేవాడు. ధాన్యం మిల్లుల్లో, రేవులో, రిక్షాల దగ్గర, ఊరి పాకీపనిలో వీళ్ళే. రెండో ప్రపంచయుద్ధానికి ముందు ప్రపంచంలో బియ్యం ఎక్కువగా ఎగుమతి చేసే దేశం బర్మా. ఆ బస్తాల్లో ఎన్ని మన శ్రీకాకుళం, విశాఖ, గోదావరి మనుషుల వీపుల మీదుగా ఓడలెక్కాయో లెక్కగట్టడం ఎవరి తరమూ కాదు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనం నాలుగు లక్షలు, అందులో సగానికి పైగా భారతీయులు. తమ దేశపు రాజధానిలో బర్మా వాళ్ళు తక్కువ సంఖ్యలో ఉండేవారు. ఈ ఆఖరి వాక్యం దగ్గర ఆగాలి. చదివిన మొదటిసారి నేను ఆగలేదు, మనవాళ్ళు ఎంతమంది ఉండేవారో అన్నంతవరకే నా కన్ను నిలిచింది.

స్ట్రాండ్ రోడ్డు మీద నడక రోజూ ఉండేది. ఊరంతా గళ్ళ కాగితం మీద గీసినట్టుంటుంది. 1852లో బర్మా వాళ్ళతో చేసిన యుద్ధం తరవాత ఇంగ్లీషువాళ్ళు నడిబొడ్డున ఉన్న పగోడా చుట్టూ కొలిచి వేసిన వీధులవి, చాలా వాటికి పేర్ల బదులు అంకెలే. ఒక్కో వీధికి ఎగువ, నడిమి, దిగువ అని మూడు ముక్కలు. దిగువ ముక్క దాటితే నది. బండ్లు 1970లో ఎడమ నుంచి కుడివైపుకి మారాయి, కానీ నేను చూసిన కార్లలో చాలావాటికి స్టీరింగు ఇంకా కుడివైపే ఉంది. ఊళ్ళో మోటారు సైకిళ్ళు నిషేధం, అందుకని ఇంత పెద్ద ఊళ్ళో ఓ వింత ఖాళీ వినబడుతుంది. ఆ ఖాళీలో పాత భవనాలు నిలబడి ఉంటాయి. 1901 నాటి స్ట్రాండ్ హోటల్, బాగ్దాద్ నుంచొచ్చిన యూదు సోదరులు 1906లో కట్టించిన సోఫేర్ భవనం, 1928 నాటి రేవు కార్యాలయం, 1947 జులై 19న స్వాతంత్ర్య నాయకుడు ఆంగ్ సాన్‌నీ ఆయన సహచరుల్నీ కాల్చి చంపిన సెక్రటేరియట్. చరిత్రకారుడు తాంత్ మింట్-ఊ 2012లో పెట్టిన యాంగోన్ హెరిటేజ్ ట్రస్టు వాళ్ళు కొన్ని భవనాలకి నీలం ఫలకాలు తగిలించారు. ఎవరు కట్టించారు, ఎప్పుడు, లోపల ఏ కంపెనీ ఉండేది, అన్నీ రాసి ఉంటాయి. మంచి పని అది, లేకపోతే ఆ మేడల్లో చాలా భాగం ఈపాటికి కూల్చేసి ఉండేవారు. నేను ఒక్కో ఫలకం చదివి, చదివి, చివరికి నీళ్ళ ఒడ్డుకొచ్చేవాణ్ణి. అక్కడ ఫలకం లేదు. బల్లకట్టు మీదుగా ఓ మనిషి భుజాన బియ్యం బస్తాతో పడవలోంచి దిగుతున్నాడు. అతను బర్మా వాడు. మెడ వెనక మడిచి పెట్టుకున్న గుడ్డ, పలక వంగే ముందు పాదం నిలదొక్కుకునే తీరు, బస్తా దించాక ఓ క్షణం ఊరికే నిలబడటం, ఇవన్నీ నేను విశాఖ రేవులో చూసినవే. నేను వెతుకుతున్నదానికి ఆనవాలు దొరికితే అలాంటి ఒంట్లోనే దొరకాలి కానీ గోడ మీద దొరకదు.

అయితే వెతకవలసిందేనా? ఒకరి ఊరికి వెళ్ళి, ఆ ఊళ్ళో మన మొహాలే వెతుక్కోవడం సరైన చూపేనా? ఈ అనుమానం నన్ను అక్కడ సగం రోజులు తిన్నది. పక్కన పగోడా గంట మోగుతుంటే, బుగ్గలకి తనకా గంధం పూసుకున్న పిల్లలు బడికి పోతుంటే, నా కళ్ళు ఎక్కడైనా తెలుగు బోర్డు కనబడుతుందేమోనని దుకాణాల మీద తిరుగుతున్నాయి. పారిస్ వెళ్ళినవాడు ఈ పని చెయ్యడు. రంగం వెళ్ళినవాడు చేస్తాడు, ఎందుకంటే తనకి అక్కడ బాకీ ఏదో ఉందనుకుంటాడు. ఎవరికి ఎవరు బాకీ అన్నదే చిక్కు. 1930 మే నెల సంగతి తలుచుకుంటే ఆ చిక్కు ఇంకా బిగుస్తుంది. గాంధీ అరెస్టయిన రోజే, మే 5న, పెగూలో పెద్ద భూకంపం వచ్చి రంగూన్‌లోనూ మనుషులు చనిపోయారు. ఆ నెలలోనే రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. సరుకు దించే కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మా కూలీల్ని తెచ్చుకున్నాయి. రాజీ కుదిరాక పాతవాళ్ళని పిలిచి, కొత్తవాళ్ళని పొమ్మన్నాయి. 26వ తేదీ పొద్దున్న పెళ్ళాలు కట్టిచ్చిన అన్నం మూటలతో పనికొచ్చిన బర్మా కూలీలకి పని లేదన్నారు. మాటామాటా పెరిగి మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. వందకు పైగా చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళే. చిన్నప్పుడు విన్న కథల్లో వాళ్ళు మనల్ని చంపారన్న ముక్క ఒక్కటే ఉండేది. ఆ పొద్దున్న పని కోసం వచ్చి వెనక్కి నడిచినవాళ్ళ అన్నం మూటల సంగతి మా వైపు ఎవరూ చెప్పలేదు. ఇద్దరు పేదల్ని ఒకే బస్తా కోసం ఎదురెదురుగా నిలబెట్టినవాడి పేరు మాత్రం ఏదో ఒక భవనం గోడ మీద చెక్కి ఉండే ఉంటుంది.

అలా అని వెతకడం మానుకోవాలని నాకనిపించలేదు. చంపినవాడూ చచ్చినవాడూ ఇద్దరూ మరుగున పడిపోతే మిగిలేది కట్టించినవాడి చరిత్రే. ఆ తరవాత జరిగినవి అందరికీ తెలిసినవే. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. కూలీలు మొదట పారిపోయింది రేవునుంచే. నాలుగైదు లక్షలమంది కొండలూ అడవులూ దాటి అస్సాం వైపు, అరకాన్ వైపు నడిచారని అంచనా. దారి పొడవునా కలరాకీ మలేరియాకీ ఆకలికీ వేలమంది పడిపోయారు. మా అమ్మమ్మ అన్నయ్య ఆ నడకలో ఉన్నాడో లేడో, ఉంటే ఎంత దూరం నడిచాడో. మిగిలినవాళ్ళకి 1962లో సైన్యం వచ్చింది, 1964లో దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశారు. పుట్టి పెరిగిన ఊరు వదిలి ఓడల్లో మద్రాసుకీ విశాఖకీ తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేటకి ఆ పేరు అలా వచ్చింది. మనకీ ఇక్కడ గుర్తులు పెట్టే అలవాటు లేదు. ఇంతమంది ఓడలెక్కిన తీరమిది అని చెప్పే ఓ రాయి, ఓ బోర్డు, కళింగపట్నంలో గానీ భీమిలిలో గానీ నాకు ఇప్పటిదాకా కనబడలేదు. యాంగోన్‌లో ఫలకం లేదని బాధపడేముందు ఈ ఒడ్డున ఒకటి పెట్టుకోవాలి. ఇది మన పంచాయతీల, మన జిల్లా అధికారుల చేతిలో ఉన్న పని, పెద్ద ఖర్చు కూడా కాదు.

టీ దుకాణాలు లేకపోతే ఆ ఊరు నాకు అంతుపట్టేది కాదు. మోకాలి ఎత్తున్న ప్లాస్టిక్ స్టూళ్ళు, అంతకంటే కాస్త ఎత్తున్న బల్లలు, ప్రతి బల్ల మీదా ఓ ఫ్లాస్కు నిండా పచ్చి తేయాకు నీళ్ళు. వాటికి డబ్బు తీసుకోరు. అసలు టీ గట్టి పాలతో చిక్కగా వస్తుంది. తీపి ఎక్కువా, డికాషన్ ఎక్కువా, మీగడ ఎక్కువా అని దానికి రకరకాల పేర్లు. కుర్రాణ్ణి పిలవడానికి పెదవులతో ముద్దు పెట్టిన చప్పుడు చేస్తారు, అందులో అగౌరవం ఏమీ లేదు. పక్కన పెనం మీద తోషే వేస్తుంటారు. పిండిలో, మడతలో, పెనం మీద నీళ్ళు చల్లే పద్ధతిలో అది మన అట్టే. ఓ దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూచున్న యాభై దాటిన మనిషితో రోజూ కలిసి పలకరింపులయ్యాయి. నేను తెలుగువాణ్ణని తెలిశాక ఆయన, వాళ్ళ నాయనమ్మ తెలుగు మాట్లాడేదని చెప్పాడు. నాలో ఒక్కసారిగా ఉత్సాహం వచ్చింది. ఏ ఊరు, ఎప్పుడొచ్చారు, ఇంటిపేరేమిటి? ఆయనకి అవేవీ తెలియవు, తెలుసుకోవాలన్న ఆరాటమూ కనబడలేదు. ఓ పేరు బడిలో, ఓ పేరు ఇంట్లో అని రెండు పేర్లున్నాయి, అంతే. ఆయన నాకు చూపించాలనుకున్నది వేరే. ఫోన్ తీసి వాళ్ళమ్మాయి ఫొటో చూపించాడు. తెల్ల యూనిఫారంలో, నర్సు చదువుకి సీటొచ్చిన రోజు తీసింది. ఆ సీటు ఎంత కష్టమో, ఏ పరీక్ష రాసిందో, హాస్టలు ఎంత దూరమో వచ్చీరాని ఇంగ్లీషులో ఇరవై నిమిషాలు చెప్పాడు. ఆయనకి నేను మూలాలు వెతుక్కుంటూ వచ్చిన బంధువుని కాదు, రోజూ వచ్చే టీ గిరాకీని, కూతురి సంగతి విప్పి చెప్పుకోదగ్గ మనిషిని. వింటూ వింటూ ఆ అమ్మాయి మీద నాకు అభిమానం పుట్టింది. మావాళ్ళ ఆనవాళ్ళ జాబితాలో ఆయన్ని చేర్చుకునే హక్కు నాకు లేదనిపించింది కూడా అప్పుడే. ఆయన నాయనమ్మ కథ అడగవలసింది, చెప్పవలసింది వాళ్ళమ్మాయి. ఎప్పుడైనా ఆ పిల్లకి కుతూహలం పుడితే.

ఆ ఊళ్ళో రాజుల సమాధులు చూడటం సులువు. 1862 నవంబరు 7న ఇక్కడే చనిపోయిన ఆఖరి మొగల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్ అసలు సమాధి 1991లో తవ్వకాల్లో బయటపడింది. ఇప్పుడది దర్గా. బర్మా ఆఖరి రాజు థీబోని ఇంగ్లీషువాళ్ళు 1885లో గద్దె దింపి మన రత్నగిరికి పంపేశారు, ఆయన 1916లో అక్కడే పోయాడు. ఈ ఇచ్చిపుచ్చుకోవడం గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. దర్గా నుంచి తిరిగొస్తుంటే దారిలో చెట్టు కింద కొయ్య అరుగు మీద పెట్టిన మట్టికుండలే నాకు ఎక్కువ గుర్తున్నాయి. మూతలు, మూతల మీద బోర్లించిన గ్లాసు. ఎవరు దాహమేసి వచ్చినా తాగి గ్లాసు మళ్ళీ బోర్లించి పోతారు. మన చలివేంద్రాలు ఎండాకాలంలో లేచి వానలకి పోతాయి, ఇవి ఏడాది పొడవునా ఉంటాయి. నింపినవాళ్ళ పేరు కొన్నిటి మీద ఉంటుంది, కొన్నిటి మీద ఉండదు. వందేళ్ళ కిందట రేవులో పనిచేసి ఇదే దారిన తిరిగొచ్చే కూలీ కూడా ఇలాంటి కుండ దగ్గరే ఆగి ఉంటాడు కదా. నీళ్ళు నింపినావిడ ఏ భాష మాట్లాడేదో అతనికి తెలియవలసిన పని లేదు. ఇది నా ఊహే. కానీ పుస్తకాల్లో కొట్లాటల తేదీలు రాసుంటాయి, దాహం తీర్చుకున్న రోజుల తేదీలు ఎక్కడా రాసుండవు. ఒక ఊరి గురించి మనకి చేరేది ఎప్పుడూ ఇలా ఒకవైపు మొగ్గే ఉంటుందేమో.

నేను వెళ్ళొచ్చిన కొన్నేళ్ళకి, 2021 ఫిబ్రవరి 1న, సైన్యం మళ్ళీ అధికారం లాక్కుంది. ఆ వారంలో రాత్రి ఎనిమిది గంటలకి యాంగోన్ బాల్కనీల్లో జనం గిన్నెలు, మూకుళ్ళు, పళ్ళేలు వాయించారు. దుష్టశక్తిని తరిమెయ్యడానికి వాళ్ళకి పాతకాలం నుంచీ ఉన్న ఆచారమది. ఆ వీడియోలు చూస్తూ నేను ఒక్కో మేడ ఆపి ఆపి చూశాను, ఆ టీ దుకాణం వీధి తెలుస్తుందేమోనని. నర్సు చదువుతున్న ఆ అమ్మాయి గురించే నా భయమంతా. ప్రభుత్వ ఆస్పత్రుల డాక్టర్లూ నర్సులూ మొట్టమొదట పని మానేసి ఎదురు తిరిగినవాళ్ళలో ఉన్నారు. ఆ పిల్ల ఎక్కడుందో, ఏం చేస్తోందో. టీ దుకాణం ఫోన్ నంబరు నా దగ్గర లేదు. బహుశా ఆ రోజునుంచే ఆ ఊరు నాకు మా అమ్మమ్మ అన్నయ్య తప్పిపోయిన ఊరుగా మాత్రమే మిగలడం మానేసింది. వార్తల్లో దాని పేరు వినగానే ఇప్పుడు ముందు ఆయన కాదు, ఆమె గుర్తొస్తుంది.

ష్వేడగాన్ పగోడా గురించి చెప్పకుండా వదిలేస్తే అన్యాయం. కొండ మీద దాదాపు వంద మీటర్ల ఎత్తున బంగారు తాపడం. మెట్ల దగ్గర చెప్పులు విడిచి, పాలరాతి మీద వట్టికాళ్ళతో నడవాలి. మధ్యాహ్నం వెళ్తే ఎండలో అరికాళ్ళు కాలిపోతాయి, అందుకని నేను పొద్దు వాలాక వెళ్ళాను. గుంపుల మధ్య మొదటిసారి ఏమీ వెతక్కుండా తిరిగాను. పగోడా చుట్టూ ఎనిమిది మూలలా ఎనిమిది చిన్న బుద్ధవిగ్రహాలు, ఒక్కోదాని ముందు నీళ్ళ తొట్టి, దొన్నెల్లాంటి గిన్నెలు. బర్మావాళ్ళకి పుట్టినవారం ముఖ్యం. ఆదివారానికి గరుడుడు, సోమవారానికి పులి, మంగళవారానికి సింహం, ఇలా వారానికో జంతువు, ఓ దిక్కు. ఏడు వారాలకి ఎనిమిది మూలలెలా అంటే బుధవారాన్ని రెండుగా కోశారు. పొద్దుటి బుధవారానికి దంతాలున్న ఏనుగు, దక్షిణం. మధ్యాహ్నం దాటిన బుధవారం రాహువుది, దానికి దంతాల్లేని ఏనుగు, వాయవ్యం. నేను తెల్లబోయి చూస్తుంటే ఓ పెద్దావిడ తన మనవడితో దగ్గరికొచ్చింది, వాడికి పన్నెండేళ్ళుంటాయేమో. ఆ పిల్లాడికి ఇంగ్లీషు వచ్చు. ఏ వారం పుట్టావని అడుగుతోందన్నాడు. బుధవారమని తెలుసు. పొద్దునా, మధ్యాహ్నం తరవాతా? అది తెలియదు. ఆవిడ నా ఫోన్ వైపు వేలు చూపించింది.

అక్కడే నిలబడి అమ్మకి వాట్సాప్‌లో ఫోన్ చేశాను. "ఏట్రా, ఇప్పుడెందుకు?" అంది అమ్మ. చెప్పాను. "బుధవారవే. మిల్లు కూత అయ్యాక, భోజనాలేళ దాటేక పుట్టేవు. మంత్రసాని అన్నం తింటూ చెయ్యి కడుక్కుని వచ్చింది. రాహుకాలవని మీ నాయనమ్మ ఒకటే గోల." చిట్టివలస జూట్ మిల్లు కూతనిబట్టి కాలం లెక్కపెట్టుకున్న ఊరు మాది. బుధవారం రాహుకాలం పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా. మా నాయనమ్మకి దిగులు పుట్టించిన ఆ వేళకి ఇక్కడ ఓ మూల, ఓ ఏనుగు, పూజ అన్నీ సిద్ధంగా ఉన్నాయి. పెద్దావిడ నన్ను వాయవ్యానికి తీసుకెళ్ళి, గిన్నె చేతికిచ్చి, ముందు బుద్ధుడి మీద, తరవాత ఏనుగు మీద ఎలా పొయ్యాలో చూపించింది. ఎన్ని గిన్నెలు పొయ్యాలో తనే లెక్కపెట్టింది. అయ్యాక, ఇంత దూరం ఎందుకొచ్చావని అడిగించింది. మా అమ్మమ్మ అన్నయ్య ఇక్కడికొచ్చి తిరిగి రాలేదని చెప్పాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తరవాత పిల్లాడు నావైపు తిరిగి, ఆయన ఏ వారం పుట్టాడని అడుగుతోందన్నాడు.

మళ్ళీ అమ్మకి ఫోన్. "నాకేం తెలుసురా, అమ్మనే ఎప్పుడూ అడగలేదు. ఉండు, మీ మావయ్యనడిగి చేస్తాను" అని పెట్టేసింది. తెలియదని పెద్దావిడకి చెప్పాను. తెలియకపోతే ఎనిమిది చోట్లా పోస్తే సరి, వాటిలో ఆయనది ఒకటి ఉండే తీరుతుంది అంది. నేను ఔననేలోపే నడక మొదలుపెట్టింది. రాహువు దగ్గరే ఇంకో గిన్నె, తరవాత ఉత్తరాన శుక్రవారం, ఈశాన్యాన ఆదివారం. సోమవారం పులి దగ్గర పెళ్ళివారు ఎవరో ఫొటోలు దిగుతుంటే వాళ్ళని పక్కకి జరిపి నాకు చోటు చేసింది. పిల్లాడు ప్రతిచోటా గిన్నె కడిగి అందిస్తూ, మా ఊళ్ళో ఏ ఫుట్‌బాల్ జట్టుని ఇష్టపడతారో అడుగుతున్నాడు. మంగళవారం దగ్గర నీళ్ళు పోస్తుండగా ఫోన్ మోగింది. "లక్ష్మివారవని మావయ్య అంటున్నాడ్రా. ఖాయంగా మటుకు చెప్పలేనంటున్నాడు." గురువారం పడమరన ఉంది, ఇంకా రెండు మూలలు దాటాలి. తిన్నగా అక్కడికే వెళ్ళిపోదామా అని అడిగించాను. పెద్దావిడ తల అడ్డంగా ఊపింది. ఖాయం కాదన్నారు కదా, వరసలోనే పోద్దాం, పొద్దుటి బుధవారం ముందుంది రమ్మని చెప్పి, లుంగీ అంచు సర్దుకుని దక్షిణం వైపు నడిచింది.